నైట్‌హాక్స్ పోస్టరు మన గోదావరి ఇళ్ళ గోడకి: ఏ ప్రింటు, ఏ సైజు, ఏ ఫ్రేము

మా పైగదిలో ఇప్పుడున్నది నైట్‌హాక్స్ బొమ్మకి మూడో ప్రింటు. మొదటిది ఏడాది తిరక్కుండా అలలు అలలుగా ముడతలు పడింది, రెండోది ఇంటికి తెచ్చిన రోజే నచ్చలేదు, మూడోది రెండు వానాకాలాలు దాటి ఇంకా నిలబడింది. మొన్న పండక్కి వచ్చినప్పుడు మా పెదనాన్న కొడుకు చూశాడు. భీమవరంలో కొత్తిల్లు కట్టుకున్నాడు, గోడలన్నీ ఖాళీ. "తమ్ముడూ, ఇదే నాకూ కావాలి, ఎక్కడ చేయించావ్, ఎంతయింది" అని అడిగాడు. ఫోన్లో చెప్పడం మొదలుపెడితే అరగంటైనా తెమల్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తే మంచిదే. రేట్లు మాత్రం రాయను, అవి ఊరికో రకంగా ఉన్నాయి, ఒకే ఊళ్ళో షాపుకో రకంగా కూడా.

బొమ్మ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎడ్వర్డ్ హాపర్ అనే అమెరికా చిత్రకారుడు దీన్ని 1942 జనవరిలో పూర్తి చేశాడు, పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసి అప్పటికి ఆరేడు వారాలే. అదే ఏడాది చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 3,000 డాలర్లకి కొనుక్కుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. న్యూయార్క్‌లో ఒక వీధి మూల, బాగా పొద్దుపోయాక, మన కాఫీ హోటలు లాంటి చిన్న హోటలు, దాని గాజు గోడల్లోంచి వెలుగు బయట రోడ్డు మీద పచ్చగా పడుతుంటుంది. లోపల ఎర్ర గౌను ఆవిడ, పక్కనే టోపీ పెట్టుకున్నాయన, మనకి వీపు పెట్టి కూర్చున్న ఇంకొకాయన, కౌంటరు లోపల వంగి ఏదో పని చేసుకుంటున్న తెల్ల బట్టల కుర్రాడు. అంతే. ఎర్ర గౌను ఆవిడకి మోడలు హాపర్ భార్య జో. వీధిలోంచి లోపలికి వెళ్ళడానికి తలుపన్నది ఎక్కడా కనబడదు, వెతికి చూడండి. పెద్ద నగరంలో ఉండే ఒంటరితనాన్ని తనకి తెలియకుండానే వేసి ఉంటానని హాపర్ తర్వాతెప్పుడో అన్నాడు.

మా అమ్మ మొదటిసారి చూసి, "నలుగురు ఒక్కచోట కూర్చుని ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోరేంట్రా, ఎవరన్నా పోయారా?" అంది. దాంతో హాల్లో పెట్టాలన్న ఆలోచన అక్కడికక్కడే మానుకున్నా.

నిజానికి కొనేముందు తేల్చుకోవాల్సింది అదే, ఏ గదికి అని. హాపర్ బొమ్మంటే అందరూ నైట్‌హాక్సే అంటారు గానీ, అన్ని గోడలకీ అది పనికిరాదు. బొమ్మలో సగానికి పైగా చీకటి, ముదురు ఆకుపచ్చ, నల్లటి గోధుమ రంగు. పగలంతా తలుపులు తీసి, వచ్చేపోయే జనంతో కళకళలాడే హాల్లో అది గోడకి కన్నం పడ్డట్టుంటుంది. హాలుకైతే నేను 'ఎర్లీ సండే మార్నింగ్' చెబుతా, 1930లో వేసింది, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఉంది. ఎర్ర ఇటుకల మేడ, కింద వరసగా మూసేసిన షాపులు, పొద్దుటి ఎండ ఏటవాలుగా, రోడ్డు మీద పురుగు లేదు. అమలాపురంలో ఆదివారం పొద్దున్నే ఆరింటికి బజారు మీదుగా బస్టాండుకి నడిచినవాడికి ఆ బొమ్మ వివరించి చెప్పక్కర్లేదు. ఒంటరితనం అందులోనూ ఉంది, కాకపోతే వెలుతురున్న ఒంటరితనం కాబట్టి చుట్టాలెవరూ అభ్యంతరం చెప్పరు.

'మార్నింగ్ సన్' (1952) కూడా చాలామంది అడుగుతారు, మంచం మీద కూర్చుని కిటికీకేసి చూస్తున్న ఆవిడ. చాలా మంచి బొమ్మ, నాకు నైట్‌హాక్స్ కంటే ఇదే ఇష్టం అని కూడా అనిపిస్తుంటుంది ఒక్కోసారి. దానికో సౌకర్యం కూడా ఉంది, పొడవు వెడల్పుల లెక్క దాదాపుగా ఏ2 కాగితం లెక్కే, అంచులు కత్తిరించే గొడవ లేకుండా దొరికిన ఫ్రేములో ఇమిడిపోతుంది. కానీ ఆవిడ ఒంటి మీద పొట్టి లోపలి గౌను మాత్రమే ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో, తాతగారు పేపరు చదువుకునే కుర్చీకి ఎదురుగా పెట్టి చూడండి, వారం తిరిగేలోపు ఆ పటం స్టోర్ రూములో ఉంటుంది. మీ గది తలుపు మీరు వేసుకునే ఇల్లయితే నిక్షేపంగా తీసుకోండి. 'ఆటోమాట్' (1927) అయితే ఈ ఇబ్బంది లేదు, టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒక్కతే కాఫీ కప్పు ముందు, ఒక చేతికి గ్లౌజు తీసేసి, వెనక నల్లటి అద్దంలో దీపాల వరస. 24 బై 30 అంగుళాల లాంటి మామూలు ఫ్రేముకి కొంచెం తెల్ల అంచు వదిలితే సరిపోతుంది, చిన్న గోడకి, చదువుకునే బల్ల పైకి చక్కగా ఉంటుంది.

రాత్రిళ్ళు పని చేసుకునే గది, పుస్తకాల గది, ఒక్కరే పడుకునే గది అయితే మాత్రం నైట్‌హాక్సే. ఇక్కణ్ణుంచి దాని గురించే.

సైజు దగ్గర అందరూ మోసపోతారు, నేనూ పోయా. అసలు బొమ్మ 84.1 సెంటీమీటర్ల ఎత్తు, 152.4 సెంటీమీటర్ల వెడల్పు, అంటే ఎత్తుకి ఒకటీ ముప్పాతిక కంటే ఇంకొంచెం ఎక్కువ. బజార్లో దొరికే పోస్టర్లూ ఫ్రేములూ ఎక్కువగా 24 బై 36. నేను మొదట ఆన్‌లైన్లో కొన్నది అదే, కాగితం నిండా అంచు లేకుండా బొమ్మ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఫోన్లో అసలు బొమ్మతో పోల్చి చూస్తే ఎడమ పక్క వీధి చాలావరకు లేదు. లెక్క సులువే, 24 అంగుళాల ఎత్తుకి పూర్తి బొమ్మ రావాలంటే వెడల్పు 43న్నర అంగుళాలుండాలి, వాళ్ళు 36కి సరిపెట్టారు, ఏడున్నర అంగుళాలు కోసి అవతల పారేశారు. పోయింది ఖాళీ వీధే కదా, మనుషులంతా ఉన్నారు కదా అంటారేమో. ఆ ఖాళీ వీధి పోతే మిగిలేది హోటల్లో కాఫీ తాగుతున్న నలుగురు, దానికోసం నైట్‌హాక్స్ కొనక్కర్లేదు, ఏ కాఫీ పొడి కాలెండరైనా చాలు.

కాబట్టి 36 వెడల్పు కావాలంటే ఎత్తు 20 అంగుళాలు (కచ్చితంగా అంటే 19.9), 30 వెడల్పుకి పదహారున్నర, 24కి పదమూడుంబావు. 24 వెడల్పుకి తగ్గితే చేయించకండి, అందులో మనుషులు చీమలంత ఉంటారు. దివాన్ కాట్ పైనో, కంప్యూటర్ బల్ల పైనో 36 బై 20 సరిగ్గా అమరుతుంది. సిద్ధంగా ఉన్న 24 బై 36 ఫ్రేమే వాడాలనుకుంటే పైనా కిందా రెండేసి అంగుళాలు తెల్ల అంచు వదిలి వేయించండి, అది కూడా బాగానే ఉంటుంది.

ఇక దేని మీద ప్రింటు వేయించాలి అన్నది. డబ్బు ఎక్కువ తక్కువల కంటే మన వాతావరణం చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం ఇది. మాది రావులపాలెం దగ్గర ఊరు, గౌతమి గట్టు పెద్ద దూరం కాదు. జూన్ నుంచి వానలు, అవయ్యాక అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. ఆర్నెల్లు గోడలు నెమ్మెక్కి ఉంటాయి, బీరువాలో పట్టుచీరలకే బూజు మచ్చలు వస్తుంటే గోడ మీద కాగితం ఎంత? హైదరాబాదులో స్నేహితుడి ఫ్లాట్లో ఐదేళ్ళుగా ఫ్రేము కూడా లేకుండా అతికించిన పోస్టరు చెక్కు చెదరకుండా ఉంది. అది చూసి ఇక్కడ అలా చేయకండి.

మామూలు కాగితం పోస్టరు, అంటే ఆన్‌లైన్లో గొట్టంలో చుట్టి పంపేది, నా మొదటిది. కాగితం మందంగా ఉందని సంబరపడ్డా. మొదటి వానాకాలానికే ఫ్రేము లోపల అలలు లేచాయి, దీపావళి నాటికి కింది మూల గాజుకి అంటుకున్న చోట గోధుమ రంగు మచ్చ. తప్పు కాగితానిది కాదు, నాది. గాజుకీ కాగితానికీ మధ్య ఖాళీ లేకుండా బిగించేశా. మన ఇళ్ళల్లో అమ్మమ్మ తాతయ్యల పెళ్ళి ఫోటో గాజుకి అతుక్కుపోయి, తీయబోతే అమ్మమ్మ మొహం సగం గాజు మీదే ఉండిపోవడం చూసినవాళ్ళకి ఈ సంగతి తెలియాలి, నాకు తెలిసీ చేశా.

ఫ్లెక్సీ. నవ్వకండి, నా రెండోది అదే. చదరపు అడుగు లెక్క, గంటలో చేతిలో పెడతారు, నీళ్ళు పోసినా ఏమీ కాదు. షాపులో కుర్రాడు బొమ్మని కంప్యూటర్లో పెట్టి, "ఆయ్, వచ్చిందండి... శుభాకాంక్షలు ఎవరి పేరు మీద వేయమంటారండి?" అని అడిగాడు, పాపం వాడి తప్పేముంది, మనూళ్ళో ఫ్లెక్సీ అంటే పుట్టినరోజో, నాయకుడి రాకో, దినకార్యమో. ఇంటికి తెచ్చి గోడకి పెడితే మూడు అడుగుల దూరం నుంచి చుక్కలు చుక్కలు, ట్యూబులైటు వేస్తే ఆ చీకటి భాగమంతా తళతళా మెరుపు, పైగా వారం రోజులు సిరా వాసన. వీధిలో ఇరవై అడుగుల దూరం నుంచి చూడ్డానికి పుట్టిన వస్తువు అది, గదిలోకి తేకూడదు. ఇప్పుడది మా పెరట్లో కొబ్బరి చిప్పల మీద కప్పి ఉంది, ఆ పనికి బ్రహ్మాండంగా ఉంది.

అదే ఫ్లెక్సీ షాపులో వినైల్ ప్రింటు, అంటే సన్నటి ప్లాస్టిక్ స్టిక్కరు షీటు మీద వేసేది, అడిగితే సంగతి వేరు. మెరుపు లేని మ్యాట్ లామినేషన్ వేసి, ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ పలక) మీద అతికించి ఇమ్మనాలి. చుక్కలు కనబడనంత సన్నగా వస్తుంది, నెమ్ముకి ఏమీ కాదు, చెద పట్టదు, గాజు అక్కర్లేదు, బరువు లేదు, డబల్ సైడ్ టేపుతో కూడా నిలబడుతుంది. అద్దె ఇంట్లో ఉండి గోడకి మేకు కొట్టనివ్వని వాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇదే చెబుతా. లోపం ఏంటంటే మూలలు సులువుగా నలుగుతాయి, పడమటి ఎండ నేరుగా తగిలితే బోర్డు కొంచెం వంగుతుంది, నలుపు మరీ లోతుగా రాదు.

కాన్వాస్ గురించి అందరికీ పెద్ద మోజు, అసలు బొమ్మ కూడా కాన్వాస్ మీదే కదా, కాబట్టి ఇదే అసలుకి దగ్గర అని. అచ్చు వేసిన గుడ్డ నేతకీ, చిత్రకారుడు కాన్వాస్ మీద చేత్తో వేసిన రంగుకీ సంబంధం లేదండి. అనుమానం ఉంటే ఒకసారి రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రకళా మందిరానికి వెళ్ళండి. 1925లో, ఇరవై ఏడేళ్ళ వయసుకే పోయినాయన చేత్తో వేసిన బొమ్మలు. దగ్గరగా నిలబడి రంగు ఒకచోట పల్చగా, ఒకచోట దళసరిగా ఎలా ఉందో చూశాక కాన్వాస్ ప్రింటు మీద మోజు దానంతటదే దిగుతుంది. అలాగని కాన్వాస్ చెడ్డదని కాదు, గాజు లేదు కాబట్టి మెరుపు ఉండదు, అది పెద్ద లాభం. కానీ రెండు చూసుకోవాలి. చెక్క చట్రం మీదికి చుట్టేటప్పుడు నాలుగు వైపులా అంగుళంన్నర దాకా బొమ్మ పక్కలకి పోతుంది, మళ్ళీ అదే కోత గొడవ, అందుకని పక్కలకి నల్ల అంచు వేయమని ముందే చెప్పాలి. రెండోది, వానాకాలంలో గుడ్డ వదులై మధ్యలో బొజ్జ దిగుతుంది, వెనకపక్క బూజు పడుతుంది. ఏసీ ఉన్న గదైతే పరవాలేదు.

దేవుడి పటాల్లాగా ఎండీఎఫ్ చెక్క (చెక్క పొట్టు అదిమి చేసే పలక) మీద అతికించి పైన లామినేషన్ చేసేది మన దగ్గర ప్రతి ఊళ్ళో ఉంది, చవక కూడా. చెక్క అంచులు నెమ్ము పీల్చి బిస్కెట్టులా ఉబ్బుతాయి. వద్దు. కాటన్ కాగితం మీద పిగ్మెంట్ సిరాతో వేసే ఖరీదైన ఆర్ట్ ప్రింటు అన్నిటికన్నా అందంగా ఉంటుందన్న మాట నిజమే, చూశాను కూడా, కానీ ఏసీ లేని మన గదిలో దాన్ని పెట్టడం వానలో పట్టుచీర కట్టుకెళ్ళడమే.

మరి నా మూడోది? ఫోటో ల్యాబ్ ప్రింటు. పెళ్ళి ఆల్బములు వేసే కలర్ ల్యాబులే, రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఎక్కడైనా ఉన్నాయి, మీ ఊరి స్టూడియో ఆయనకి ఇస్తే ఆయనే పంపించి తెప్పిస్తాడు. 20 బై 36, మ్యాట్ కాగితం అని గట్టిగా చెప్పాలి, ఏమీ చెప్పకపోతే మెరిసేది వేసి ఇచ్చే అవకాశం ఎక్కువ. ఫోటో కాగితానికి రెండు వైపులా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మామూలు కాగితంలా అలలు లేవదు. అన్నిటికన్నా ముఖ్యం, చీకటిలో చీకటి కనబడుతుంది. ఆ మాట చెబితే మా అన్నయ్య నవ్వాడు గానీ, ఈ బొమ్మకి ప్రాణం అదే. రోడ్డు అవతల మూసేసిన షాపు అద్దంలో ఒక క్యాష్ రిజిస్టరు మసగ్గా ఉంటుంది, ఆ మేడ మీద కిటికీలకి సగం దించిన తెరలుంటాయి. చెత్త ప్రింటులో ఇవన్నీ కలిసిపోయి ఒకటే నల్ల ముద్ద. అందుకని షాపులో డబ్బు కట్టేముందు నేను ఆ క్యాష్ రిజిస్టరు ఒక్కటే వెతుకుతా, కనబడితే తీసుకోండి, కనబడకపోతే కొంచెం వెలుతురు పెంచి మళ్ళీ వేయమనండి. 36 అంగుళాలది ఒకేసారి వేయించి బాధపడేకంటే ముందు ఆ మూల ముక్క ఒక్కటే 8 బై 12లో వేయించి చూసుకోవడం తెలివైన పని.

ఫైలు వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపకండి, అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. 36 అంగుళాలకి వెడల్పులో 5,400 పిక్సెళ్ళుంటే నిశ్చింత, 3,600కి తగ్గితే దగ్గరగా చూసినప్పుడు మసక. గూగుల్‌లో దొరికే బొమ్మల్లో ఆకుపచ్చ ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది, చికాగో మ్యూజియం వాళ్ళ సైటులో ఉన్న రంగుతో పోల్చి చూసుకోండి. ఇంకో మాట, హాపర్ 1967లో పోయాడు, మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. అనుమతితో వేసి అమ్మే ప్రింటు కోత లేకుండా దొరికితే అది కొనుక్కోవడమే పద్ధతి, పది కాపీలు వేయించి అమ్ముకుందామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

ఫ్రేము దగ్గర పటాలు కట్టే షాపాయనతో కాస్త పేచీ పడాల్సి వస్తుంది. ఆయన అలవాటు ప్రకారం వెనక అట్ట పెడతాడు, అట్ట అంటే చెదలకి విందు భోజనం. సన్‌బోర్డు పెట్టమనండి. గాజుకీ బొమ్మకీ మధ్య చుట్టూ మౌంటు, అంటే మందపాటి అంచు పట్టీ, వేయమనండి, అందం కోసం కాదు, గాజుకి తగలకుండా. మంచి చెక్క ఫ్రేముకి డబ్బు పెట్టే బదులు ఫైబర్ ఫ్రేము చాలు, చెద పట్టదు, ఉబ్బదు. మా పటాలు కట్టే బాబాయి గారైతే "ఇంత నల్ల బొమ్మకి బంగారు రంగు ఫ్రేము పడితే లుక్కొస్తుందండి" అని చాలా బతిమాలారు, నేను సన్నటి నల్ల ఫ్రేము దగ్గరే నిలబడ్డా, ఆయనకి ఇప్పటికీ నా మీద జాలే. గాజు లేకుండా వదిలేసే ధైర్యం ఉంటే ఇంకా మంచిది. మ్యాట్ ప్రింటుని గాజు లేకుండా ఫ్రేము కట్టించొచ్చు, కాకపోతే బల్లులు తిరిగే గోడైతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. నేను గాజు వేయించా, కానీ కిటికీకి ఎదురు గోడ కాకుండా పక్క గోడకి పెట్టా. ఎదురు గోడకి పెడితే పగలు ఆ చీకటి వీధిలో మన కొబ్బరి చెట్లూ, ఆరేసిన లుంగీలూ కనబడతాయి.

గోడ కూడా చూసుకోవాలి. వాన జల్లు కొట్టే బయటి గోడకి, బాత్రూముకి ఆనుకున్న గోడకి వద్దు, రెండు గదుల మధ్య గోడ మంచిది. ఫ్రేము వెనక కింది మూలలకి రెండు రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడకీ పటానికీ మధ్య కాస్త గాలి ఆడుతుంది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని నేననుకోలేదు, నా మొదటి పటం వెనక గోడ సున్నం పొక్కి పొడిపొడిగా రాలేది, ఇప్పుడు లేదు.

లైటు సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఆ బొమ్మలో వెలుగు అప్పట్లో కొత్తగా వస్తున్న ఫ్లోరోసెంట్ లైటుది, మన ట్యూబులైటు తాత అన్నమాట. అందుకని ట్యూబులైటు కింద పెడితే జోడీ కుదురుతుందనుకున్నా, కుదర్లేదు. మన తెల్ల ఎల్‌ఈడీ బద్దీల వెలుగులో హోటలు లోపలి పసుప్పచ్చ గోడ పాలిపోయి ఆస్పత్రిలా తయారవుతుంది. 3,000 కెల్విన్ అని రాసి ఉన్న వార్మ్ వైట్ బల్బు ఒకటి, చిన్నదే, పటానికి పైన పక్కగా పెట్టండి, నేరుగా ఎదురుగా కాదు.

అన్నయ్యా, నీ విషయానికొస్తే: నీ హాల్లో మెట్ల పక్క గోడ చూశా, దానికి 'ఎర్లీ సండే మార్నింగ్' వినైల్ మీద, సన్‌బోర్డుతో, 36 వెడల్పు, 21 ఎత్తు. వదిన గారికి ముందు ఫోన్లో చూపించు. పైన ఆఫీసు గదికి నైట్‌హాక్స్, ల్యాబ్ ప్రింటు, మ్యాట్, 36 బై 20. భీమవరంలోనే చేయించుకో, ఇంత దూరం రానక్కర్లేదు. కొత్త ఇల్లు కదా, గోడల్లో తడి ఇంకా ఉంటుంది, ఈ వానాకాలం పోయి సంక్రాంతి దాకా ఆగి అప్పుడు మేకు కొట్టు. అంతవరకు బొమ్మ చుట్ట చుట్టి బీరువా పైన పెట్టకు, మంచం పరుపు కింద పరిచి ఉంచు.